కాళ్ల కింద తువ్వాల

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు పెద్దల వరస నేర్పేవారు. మా ముత్తాత మా ఊరికీ పక్కనున్న రెండు ఊళ్లకూ మాలీపటేలు, శిస్తు వసూలంతా ఆయన చేతి మీదే. సూర్యాపేట కచేరీకి వెళితే ఆయనకు కుర్చీ తెచ్చి వేసేవారు. ఆయన కొడుకు, అంటే మా తాతయ్య, పోలీసు పటేలు. ఊళ్లో తగవు వస్తే అది ఠాణా మెట్లు ఎక్కకముందే మా గడి ముందుకు వచ్చేది. గడి అంటే మేము ఉండే ఇల్లే. దాని సింహద్వారానికి టేకు తలుపులు, వాటి మీద వరసలుగా ఇత్తడి బుడిపెలు. ఒక్కో రెక్కను తెరవడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ తలుపుల ముందు నుంచి వెళ్లేవాళ్లు చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని నడిచేవారు. అది గొప్ప అని నాకు నేర్పారు. గొప్పే అనుకుని పెరిగాను.

నాకు ఊహ తెలిసేనాటికి ఆ గొప్పలో తలుపులే ఎక్కువ మిగిలాయి. భూమి కొంత సీలింగు చట్టంలో పోయింది, కొంత కోర్టుల్లో పోయింది. మా నాన్న నా మూడో ఏట జ్వరంతో పోయాడు. ఆ తరువాత నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పింది చిన్నాయన, నాన్నకు తమ్ముడు. ఆయన చదువు ఇంటర్ దగ్గర ఆగిపోయింది గాని, తాతయ్య తిరిగే పాత జీపు మీద బండి నడపడం మాత్రం చేయి తిరిగినట్టు నేర్చుకున్నాడు. ఆ జీపు కూడా చేయి దాటిన రోజున చిన్నాయన అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి రోజంతా అరుగు మీద కూర్చుని, రోడ్డు మీద పోయే లారీల చప్పుడు వినేవాడు. కంటితో చూడకుండానే అది నిండు బండో ఖాళీ బండో చెప్పేవాడు. నేను పరుగెత్తి వెళ్లి చూసి వచ్చేదాన్ని. ఎప్పుడూ తప్పలేదు.

మా ఇంట్లో ఇరవై ఏళ్లు జీతం ఉన్న ఒక పాలేరు కొడుకు అప్పటికే మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు లారీకి డ్రైవరుగా ఉండేవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో పసిపిల్లలు కూడా పనివాళ్లను పేరు పెట్టి, రా అని పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను. నా కంటే ఇరవై ఏళ్లు పెద్దవాడిని అలా పిలిచిన నోటితో ఆ పేరు ఇప్పుడు పలకబుద్ధి కాదు. మిల్లు యజమాని రెండో లారీ కొన్నాడని, దానికి డ్రైవరు కావాలని ఆయనే చిన్నాయనకు కబురు చేశాడు. చిన్నాయన ఎవరికీ చెప్పకుండా పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుని ఉన్నాడు. ఒక ఉదయం తాతయ్య చుట్ట ముట్టించుకుంటుండగా ఆ కాగితం తెచ్చి ముందు పెట్టాడు.

"మనకు డ్రైవర్లు ఉండాలె గని, మనం డ్రైవర్లమైతమారా?" అన్నాడు తాతయ్య.

"ఇప్పుడు మనకు డ్రైవర్లున్నరా నాయినా? జీపే లేకపాయె" అన్నాడు చిన్నాయన.

ఇంకొకరు ఆ మాట అని ఉంటే ఏమయ్యేదో తెలియదు. తాతయ్య చుట్టను కొస దాకా కాల్చాడు. చివరికి, "ఒక దినం నేను గూడ ఆ బండిల కూసుంట. ఆ పనేందో కండ్లతోని సూస్త. సూసినంకనే చెప్త, అవునో కాదో" అన్నాడు. చిన్నాయన బతుకు ఆ ఒక్క రోజు మీద ఆగింది. ఆ సంగతి తొమ్మిదేళ్ల నాకు కూడా తెలుసు. బడికి సెలవులు కావడంతో నేనూ వస్తానని పట్టుబట్టాను.

సూర్యాపేటలో సరుకు దించి మిర్యాలగూడకు ఖాళీగా తిరిగి వెళుతున్న లారీ, పొద్దు పొడిచిన కాసేపటికి మా ఊరి రోడ్డు మీద ఆగింది. క్లీనరు ఆ రోజు పెళ్లికి పోయాడట. డ్రైవరు, మా పాలేరు కొడుకే, కిందికి దిగి, ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి, తల వంచి ఆ చప్పుడు విన్నాడు. గాలి సరిపోయిందో లేదో ఆ చప్పుడే చెబుతుందట. తరువాత రెండు ఊదుబత్తీలు వెలిగించి బండి ముందు తిప్పాడు. చెప్పులు విడిచి, తలుపు కింద దానికోసమే బిగించిన రేకు డబ్బాలో పెట్టాడు. మెట్టును చేత్తో తాకి కళ్లకు అద్దుకుని వట్టి కాళ్లతో ఎక్కాడు. చిన్నాయన కూడా చెప్పులు విడిచి డబ్బాలో పెట్టి ఎక్కాడు. వాళ్లిద్దరినీ చూసి నేనూ నా రబ్బరు చెప్పులు విడిచాను.

తాతయ్యవి కిర్రుచెప్పులు. ఆయన రాకముందే ఆ చప్పుడు వచ్చేది, జనం సర్దుకునేవారు. ఆయన ఆ చెప్పులతోనే మెట్టు మీద కాలు పెట్టాడు. డ్రైవరు ఆ కాళ్ల వైపు ఒక్కసారి చూశాడు. మరుక్షణం భుజం మీది తువ్వాల తీసి, దులిపి, వంగి, తాతయ్య కాళ్లు ఆనే చోట చెక్క మీద పరిచాడు.

"ఇంజన్ ఏడి కింద కొడ్తది దొరా. కాళ్లు కాలుతయ్" అన్నాడు.

తాతయ్య తల ఊపి తువ్వాల మీద చెప్పులు ఆనించి కూర్చున్నాడు. ఆయన జీవితమంతా ఎవరో ఒకరు ఏదో ఒకటి పరుస్తూనే ఉన్నారు. అందులో వింతేమీ కనిపించలేదు ఆయనకు. ఇంజన్ మూత మీద మడిచిన దుప్పటి వేసి నన్ను కూర్చోబెట్టారు.

మూసీ దాటి మిర్యాలగూడ చేరేసరికి ఎండ ముదిరింది. మిల్లు ఆవరణలో ఉప్పుడు బియ్యం ఉడికే వాసన, గాలిలో ఊక. అక్కడ మా తాతయ్యను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. గుమాస్తా తల ఎత్తకుండా, జరుగు అన్నట్టు చేయి ఊపాడు. తాతయ్య ఒక బస్తా మీద నిటారుగా కూర్చున్నాడు. హమాలీలు బియ్యం బస్తాలు మోస్తూ చిన్నాయనను చూసి డ్రైవరుతో పరాచికాలు మొదలుపెట్టారు.

"ఏందే, కొత్త క్లీనర్‌ను తెచ్చినవా? ఇస్త్రీ అంగీ మీద ఉన్నడు, పెండ్లికొడుకు లెక్క!"

"నోరు మూస్కోర్రి. గాయన మా దొర కొడుకు."

"దొర కొడుకైతే మాయె. ఒక్క బస్తా నా ఈపు మీదికి ఎత్తుమను, సూస్తం!"

చిన్నాయన నవ్వుతూ చేతులు మడిచి బస్తా అందుకున్నాడు. ఒకటి కాదు, పది పన్నెండు ఎత్తాడు. అంగీ ఊకతో నిండిపోయింది. అంతగా నవ్వుతున్న చిన్నాయనను నేను అంతకుముందు చూడలేదు. తాతయ్య చూస్తూనే ఉన్నాడు.

లోడు నిండేలోపు తాతయ్య డ్రైవరును పిలిచి పక్కన నిలబెట్టి అడగడం మొదలుపెట్టాడు. పూర్వం తగవుల్లో సాక్షులను ఇలాగే అడిగేవాడు.

"నెలల ఇంట్ల ఎన్నొద్దులుంటవ్?"

"ఐదారు దొరా. మా చిన్నబిడ్డ నన్ను సూసి ఎవలో అనుకుని ఏడ్సింది మొన్న."

"పెయ్యి నొయ్యదా?"

"నడుం పోయింది. కండ్లు మండుతయ్. యాళ్లకు తిండి ఉండది. బండి ఆగినకాడ ఏది దొరికితే గదే."

"మరి అన్నీ గిట్లనే ఉంటే ఎందుకు చేస్తున్నవ్‌రా?"

 డ్రైవరు చేతిలోని తాడు కొసను మెలిపెట్టాడు. "పొద్దుగాల లేసి బండికి ఒక్కసారి మొక్కుత దొరా. ఇగ దినమంత ఎవలకు మొక్కే పనుండది" అన్నాడు.

నేను భయపడ్డాను. ఆ మాట మా గడిలో అని ఉంటే ఏమయ్యేదో. కాని తాతయ్య ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి, మెల్లగా నవ్వాడు. "నీ అయ్య నోట్ల నాలుకే లేకుండె. నీకు రెండున్నయ్" అన్నాడు. అది మెచ్చుకోలు. చిన్నాయన నా వైపు చూసి కళ్లు పెద్దవి చేశాడు. మాకిద్దరికీ ఆశ పుట్టింది.

బస్తాల మీద పట్టా కప్పి తాళ్లు బిగించేటప్పుడు డ్రైవరు ముఖం నుంచి చెమట ధారగా కారింది. అంగీ కాలరుతో తుడుచుకున్నాడు. తలకు ఏమీ చుట్టుకోకుండానే ఆ ఎండలో అరగంట పని చేశాడు.

నేరేడుచర్ల దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. డ్రైవరు బండి ఆపి, తాతయ్యను అడిగి, స్టీరింగ్ చిన్నాయనకు ఇచ్చాడు. మొదట తాతయ్య కిటికీ అంచును గట్టిగా పట్టుకున్నాడు. చిన్నాయన రెండు గేర్లు మార్చాడు. నిండు బండి ఒక్క కుదుపు లేకుండా కదిలింది. నేను కూర్చున్న చోటి నుంచి తాతయ్య చేయి కనిపిస్తూ ఉంది. పట్టు కొంచెం కొంచెంగా సడలింది. వేళ్లు విడివడ్డాయి. తరువాత ఆ చేయి ఒళ్లోకి వచ్చింది.

"బర్లొస్తున్నయ్‌రా, ఆరన్ కొట్టు" అన్నాడు.

"సూసిన నాయినా."

హుజూర్‌నగర్ దగ్గర ఎదురుగా బస్సు వచ్చి దారి ఇరుకైంది. అప్పుడు మా తాతయ్య, పోలీసు పటేలు, కిటికీలో నుంచి నడుము దాకా బయటికి వంగి, అరచేత్తో తలుపు మీద చరుస్తూ, "రానీ... రానీ... ఎడమకు రానీ... ఆఁ, పోనియ్" అని కేక వేశాడు. క్లీనర్లు వేసే కేక అది. ఎక్కడ విన్నాడో, ఎప్పుడు నేర్చాడో. లోపలికి వచ్చాక మీసం సర్దుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. చిన్నాయన చెవుల దాకా వచ్చిన నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ ఇరవై నిమిషాల కంటే సంతోషమైనవి మా ఇంట్లో నాకు గుర్తు లేవు.

కోదాడలో గోదాము ముందు బండి ఆగింది. తాతయ్య క్యాబిన్‌లోనే కూర్చున్నాడు. చిన్నాయన కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్లాడు. డ్రైవరు నాకు గోలీసోడా కొనిచ్చి, తానేమో కుండలో నీళ్లు తాగి, మళ్లీ కాలరుతో ముఖం తుడుచుకున్నాడు. దారి పొడవునా చిన్నాయన ఆయన్ని తాతయ్యకు వినపడకుండా అన్నా, అన్నా అని పిలవడం విన్నాను. దాంతో నాకూ వరస కుదిరింది.

"పెద్దనాయినా, నీ తువ్వాల తాతయ్య కాళ్ల కిందనే ఉన్నది గద. తెచ్చియ్యనా?" అన్నాను.

ఆయన నీళ్ల చెంబు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. మా ఇంటి పిల్ల నోట ఆ పిలుపు ఆయన వినడం అదే మొదటిసారి.

"వద్దు బిడ్డా. ఉండనీ."

"కింద కాలుతలేదు గద. నేను పొద్దున్నుంచి కాళ్లు ఆడనే పెట్టిన. సల్లగనే ఉన్నది."

ఆయన నవ్వాడు. నా ఎత్తుకు కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు. "బండి మాకు తల్లి అసొంటిది. చెప్పులతోని ఎక్కం. దొరకు ఆ సంగతి తెల్వదు. ఇడువున్రి అని నేనెట్ల అంట? మా నాయిన ఆయన ముంగట జన్మల చెప్పులు తొడగలే. అందుకే తువ్వాల ఏసిన. బండికీ తప్పు లేదు, దొరకూ తప్పు లేదు. నువ్వు మాత్రం దొరకు చెప్పకు బిడ్డా."

చెప్పనని తల ఊపాను. మనసులో దాచుకోగలననే అనుకున్నాను. కాని ఆ రోజు తాతయ్య నవ్వుతున్నాడు, కేకలు వేస్తున్నాడు, అందరూ కలిసిపోయారు. అంత మంచి సంగతి ఆయనకు తెలియకపోవడం నాకు అన్యాయంగా తోచింది. తెలిస్తే ఇంకా సంతోషిస్తాడనుకున్నాను. డ్రైవరు తాళ్లు విప్పడానికి వెనక్కి వెళ్లగానే క్యాబిన్ ఎక్కి, "తాతయ్యా, నీ కాళ్ల కింద తువ్వాల ఎందుకేసిండో ఎరుకనా?" అన్నాను. అంతా చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా, ఆయన గొంతు తగ్గించిన చోట నేనూ తగ్గించి చెప్పాను.

తాతయ్య కిందికి చూశాడు. తెల్ల తువ్వాల మీద రెండు చెప్పుల అచ్చులు, మట్టితో సహా స్పష్టంగా పడి ఉన్నాయి. చాలాసేపు వాటినే చూశాడు. తరువాత కాళ్లు పైకెత్తి, వంగి, ఆ తువ్వాల తన చేత్తో తీసి, కిటికీ బయట దులిపి, నాలుగు మడతలు పెట్టి డ్రైవరు సీటు మీద పెట్టాడు. ఆయన ఒక గుడ్డ మడవడం నేను అంతకుముందు చూడలేదు. నా చేయి పట్టుకుని కిందికి దిగాడు. గోదాములో నుంచి వస్తున్న చిన్నాయనతో, "బస్సుల పోదాం పా" అన్నాడు.

డ్రైవరు పరుగెత్తుకుని వచ్చాడు. "దొరా, సూర్యాపేట దాక నేనే దింపుత గద" అన్నాడు. తాతయ్య ఆయన ముఖం చూడకుండా, "నీ బండిని మైల చేసిన. ఇగ ఎక్కను" అన్నాడు. డ్రైవరు నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉండి ఉంటే ఇన్నేళ్లు మోయడం తేలికయ్యేది.

బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం.  సూర్యాపేట బస్టాండులో దిగాక తాతయ్య కర్ర నేలకు ఆనించి, ఎటో చూస్తూ చిన్నాయనతో ఒకే మాట అన్నాడు. "చెప్పులిడిసి ఎక్కే పని మనింట్ల వద్దు."

చిన్నాయన ఎదురు చెప్పలేదు. రెండో లారీకి ఇంకెవరో కుదిరారు. లైసెన్సు కాగితం ఆయన పెట్టెలోనే పసుపు రంగుకు తిరిగింది. ఆయన మళ్లీ అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఒకరి కింద పని చేయలేదు, తాతయ్య చేయనివ్వలేదు కూడా. యాభై నిండకుండానే, ఆ అరుగు మీదే, రోడ్డు వైపు ముఖం పెట్టి పోయాడు. నేను చేసిన పని ఆయనకు తెలుసు. ఒక్కనాడూ ఎత్తలేదు. తాతయ్యకు చివరి ఏడాదిలో కాళ్లు వాస్తే, చిన్నాయనే చెప్పులు తొడిగేవాడు. అలా తొడుగుతుండగా ఒక రోజు తాతయ్య, "ఆ దినం నేరేడుచర్ల తొవ్వల బండి బాగ నడిపినవ్‌రా" అన్నాడట. ఆ సంగతి చిన్నాయనే నాకు చెప్పాడు. చెప్పి, లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

డ్రైవరు తరువాత సొంత లారీ కొన్నాడు, ఆపైన మరొకటి. తాతయ్య పోయిన రోజున కారులో వచ్చాడు. గడి తలుపులకు అంత దూరంలోనే కారు దిగి చెప్పులు విడిచి నడిచి వచ్చాడు. వద్దని చెప్పే హక్కు నాకు ఉందో లేదో తెలియక ఊరుకున్నాను. పెద్దనాయినా అని మాత్రం పిలిచాను. ఆ పిలుపుకు పలికాడు.

మా వరసలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. కోదాడలో ఇంజనీరింగ్ పూర్తి చేసిన మా కూతురు కొడుకు కిందటేడు నా దగ్గరికి వచ్చి, పెద్ద కంటెయినర్ లారీలు నడుపుతానని, వాళ్ల నాన్న మాట్లాడడం మానేశాడని చెప్పాడు. డ్రైవరు మా తాతయ్యకు చెప్పినవన్నీ వాడికి చెప్పాను. నడుము పోతుందని, కళ్లు మండుతాయని, కన్నబిడ్డలు గుర్తుపట్టక ఏడుస్తారని చెప్పాను. వాడు అన్నీ విన్నాడు.

"మరి ఇంటి పేరో, అమ్మమ్మా? అందరు గదే అంటున్నరు."

"లైసెన్స్ మీద ఉంటది గద ఇంటిపేరు. సాలు" అన్నాను. "ఎక్కేటప్పుడు చెప్పులు మాత్రం ఇడిసి ఎక్కు."

"ఇప్పుడు గట్ల నడ్వదు అమ్మమ్మా. బూట్లు ఉండాలె. కంపెనీ రూల్."

నేను వాడి కాళ్ల వైపు చూశాను. "అయితే మెట్టును ఒక్కసారి చేత్తోని తాకి ఎక్కు" అన్నాను. సరే అన్నాడు. తాకుతున్నాడో లేదో నేను అడగను.

నేను మాత్రం ఇప్పటికీ ఆటో ఎక్కినా, బస్సు ఎక్కినా, ఎవరి కారు ఎక్కినా చెప్పులు విడిచి చేతిలో పట్టుకునే ఎక్కుతాను. పక్కవాళ్లు నవ్వుతారు. ఆటోవాళ్లు, "తొడుక్కోండి అమ్మా, ఏం కాదు" అంటారు. నేను తొడుక్కోను.

గడి సింహద్వారం తలుపులు రెండూ మొన్నటి వేసవిలో అమ్మేశాం. సూర్యాపేట దాటాక హైవే మీద కొత్తగా కట్టిన ఒక హోటలు వాళ్లు, ఇత్తడి బుడిపెలతో సహా కొనుక్కుని లారీలో తీసుకుపోయారు.